పంచరత్నాలకు వందల గొంతులు

అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో వసంతం వచ్చిందంటే త్యాగరాజ ఆరాధన వచ్చినట్టే. అందులో జరిగే పంచరత్న గోష్ఠి కోసం వారాల ముందు నుంచే ఇళ్లలో సాధన మొదలవుతుంది. ఆ సాధనలో నేర్చుకునేది ఎంతో, వదులుకునేదీ అంతే!

త్యాగయ్య 1847లో సిద్ధి పొందింది పుష్య బహుళ పంచమినాడు. ఆయన సమాధి ఉన్న తిరువయ్యారులో ఆరాధన ఆ తిథికే జరుగుతుంది. క్లీవ్‌లాండ్ వాళ్లు దాన్ని ఈస్టర్ రోజులకు మార్చుకున్నారు. 1978లో మొదలైన ఆ ఉత్సవానికి భారతదేశం బయట జరిగే అతిపెద్ద కర్ణాటక సంగీతోత్సవమని పేరు. కచేరీలు ఎన్ని ఉన్నా, వినడానికి వచ్చినవాళ్లు సైతం నోరు విప్పేది త్యాగయ్య ఐదు కీర్తనలను అందరూ కలిసి పాడే పంచరత్న గోష్ఠిలోనే.

ఎవరి పాఠం వారిది

పాశ్చాత్య బృందగానంలో ఆడవాళ్ల పై గొంతుకీ కింది గొంతుకీ, మగవాళ్ల గొంతులకీ వేర్వేరు వరసలుంటాయి. ఇక్కడ అందరిదీ ఒకటే వరస. అందుకే ఒక్కరు గమకం మార్చినా తేలిపోతుంది.

మొదటి తగవు శ్రుతి దగ్గరే. మగవాళ్లకు ఒకటో, ఒకటిన్నరో హాయి. ఆడవాళ్లకు ఐదు, ఐదున్నర. ఏది పెట్టినా ఎవరో ఒకరు కింది స్థాయిలో గొణగాలి, లేదా పైకి అరవాలి. ఆ తర్వాత పాఠాంతరం. ఒకే చరణాన్ని ఒక్కో గురువు ఒక్కో తీరుగా చెప్పి ఉంటారు. ఇరవయ్యేళ్లుగా నోటికి అలవాటైన సంగతిని పక్కన పెట్టమంటే ఎవరికైనా కష్టమే. రాని పిల్లలకు నేర్పడం తేలిక, వచ్చిన పెద్దలతో మాన్పించడమే సాధనలో సగం పని.

ఎక్కడెక్కడ జారతారు?

నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ... రాగాలు ఐదు, తాళం మాత్రం అన్నిటికీ ఆదే. చరణాల్లో ముందు స్వరం, ఆపైన సాహిత్యం. గౌళలో చాలామందికి రిషభం ఉండాల్సినంత కిందికి దిగదు. ఆరభిలోని ‘సాధించెనే’లో ప్రతి చరణం తర్వాత వెళ్లాల్సింది పల్లవికి కాదు, మరో పాదానికి. అలవాటు కొద్దీ పల్లవి ఎత్తుకుని నాలుక కరుచుకునేవాళ్లు ఏ గోష్ఠిలోనైనా ఉంటారు. వరాళిని గురువు శిష్యుడికి నేరుగా చెప్పకూడదని ఓ నమ్మకం. దాంతో ‘కనకనరుచిరా’ను చాలామంది పెద్దల పక్కన కూర్చుని, వింటూ పాడుతూ పట్టుకుంటారు.

మొదటి కీర్తన సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. పాడేవాళ్లలో తమిళ, కన్నడ, మలయాళ కుటుంబాలవారూ, అమెరికాలోనే పుట్టిన పిల్లలూ ఎక్కువ. ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకుంటే ‘దుడుకుగల’ కీర్తనలోని ‘ద’కీ ‘డ’కీ తేడా కనిపించదు. అలాంటప్పుడు ఉచ్చారణ దిద్దే బాధ్యత బృందంలోని తెలుగువారి మీద పడుతుంది. మరో చిక్కు ఊపిరి. అందరూ ఒకేచోట ఆగితే మాట మధ్యలో విరిగి అర్థం పోతుంది. పక్కవారు ఊపిరి తీసుకుంటున్నప్పుడు తాను ఆపకుండా పాడటం, తన వంతు వచ్చినప్పుడు చల్లగా ఆగడం... ఇదీ ఇంట్లో ఒంటరిగా కుదిరే సాధన కాదు.

రాజీలో పుట్టిన గోష్ఠి

ఇలా అందరూ కలిసి పాడటం తిరువయ్యారులోనూ మొదటి నుంచీ ఉన్న ఆచారం కాదు. అక్కడ ఆరాధనను రెండు పక్షాలు విడివిడిగా జరిపేవి. ఆడవాళ్లకు పాడే చోటే ఉండేది కాదు. త్యాగయ్య సమాధి మీద గుడి కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మ, స్త్రీలతో వేరుగా ఆరాధన నడిపారు. 1940 ప్రాంతంలో ఈ వర్గాలన్నీ ఒక్కటయ్యాకే పంచరత్నాలను అందరూ కలిసి పాడటం స్థిరపడింది.

పట్టుదలలు తగ్గించుకున్నవాళ్లు మనకిచ్చిన సంప్రదాయం ఇది. అందుకే గోష్ఠికి తన బాణీయే సరైనదని భీష్మించే విద్వాంసుడి కంటే, పక్కవారి గొంతు వింటూ తన గొంతు సరిచేసుకునే మామూలు గాయకురాలే ఎక్కువ పనికొస్తుంది. తిరువయ్యారైనా, క్లీవ్‌లాండైనా ఈ లెక్క మారదు.