తొలి 28 రోజుల గండం

కేతేపల్లి హైదరాబాద్–విజయవాడ రహదారి మీదే ఉంది. ఇటు నకిరేకల్, అటు సూర్యాపేట. నొప్పులు మొదలైతే ఆసుపత్రికి చేరడం ఇప్పుడు పెద్ద కష్టం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే అయ్యాయి. అయినా పుట్టిన ప్రతి వెయ్యి మందిలో దాదాపు 17 మంది పసికందులు నెల తిరక్కుండానే పోయారు. ఆసుపత్రి గడప దాటించినంత మాత్రాన గండం గడవదన్నమాట.

పసికందులను ఎక్కువగా బలి తీసుకుంటున్నవి మూడు. నెలలు నిండకపోవడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, ఇన్‌ఫెక్షన్. ఏడవని బిడ్డకు మొదటి నిమిషమే కీలకం. ఒళ్లు తుడిచి, వీపు రుద్దినా ఊపిరి తీయకపోతే వెంటనే మాస్కు పెట్టి, చేతి బ్యాగుతో గాలి అందించాలి. దానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు, చెయ్యి తిరిగిన నర్సు పక్కన ఉంటే చాలు.

తక్కువ బరువు బిడ్డ సంగతి వేరు. ఒంట్లో కొవ్వు లేక వేడి నిలవదు. చల్లబడిన బిడ్డకు పాలు చీకే సత్తువ ఉండదు, పాలు అందక ఇంకా చల్లబడుతుంది. అందుకే మొదటి రోజు స్నానం వద్దంటారు డాక్టర్లు. పుట్టిన వెంటనే బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి ఉంచితే ఇలాంటి పసికందుల మరణాలు నాలుగో వంతు తగ్గాయని 2021లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. మన దేశమూ అందులో ఉంది. కానీ 2019–21 సర్వే నాటికి తెలంగాణలో గంటలోపు ముర్రుపాలు అందింది పది మందిలో నలుగురికి కూడా కాదు. నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే అయిన చోట, బిడ్డను తల్లి దగ్గరికి ఆలస్యంగా తేవడాన్ని ఆసుపత్రులు తమ లోపంగానే ఒప్పుకోవాలి.

మూలం ఇంకా వెనక ఉంది. అదే సర్వేలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులని తేలింది. పద్దెనిమిది నిండకుండానే పెళ్లిళ్లు ఇంకా జరుగుతున్నాయి. కొందరికి కాన్పుకూ కాన్పుకూ ఎడం ఉండదు.

అయినా దారి లేకపోలేదు. పాత మహబూబ్‌నగర్ జిల్లా నాగర్‌కర్నూల్ ప్రాంతంలో నాంది ఫౌండేషన్, లండన్ పరిశోధకులు కలిసి 464 పల్లెల్లో ఒక ప్రయోగం చేశారు. కొన్ని ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తను పెట్టి, ఆడవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించి, కాన్పుకు బండి, వైద్యం ఏర్పాటు చేశారు. 2017లో ఫలితం వచ్చింది. మిగతా ఊళ్లతో పోలిస్తే అక్కడ పసికందుల మరణాలు నాలుగో వంతు తక్కువ.

కాన్పయ్యాక ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. రాకపోతే అడగండి. బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్లు చల్లబడినా, కాలుతున్నా, డొక్కలు ఎగరేస్తున్నా తెల్లారేదాకా ఆగకండి. అప్పుడే 108కి ఫోన్ చేయండి.