కంభం చెరువులో కూలీ వాటా

గుండ్లకమ్మ నల్లమల కొండల్లో పుట్టి, జంపలేరును కలుపుకొని, రెండు కొండల సందులోంచి పారే చోట అడ్డంగా కట్ట వేశారు. అదే కంభం చెరువు. కట్ట ఎత్తు 57 అడుగులు. దాదాపు 430 చదరపు మైళ్ళ నేల మీద పడిన వాన ఇందులోకి దిగుతుంది. కృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించిందని ప్రతీతి. రాణిగారి పేరు నిలిచింది, తట్టలెత్తి మట్టి మోసినోళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల కమిషన్ దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. సంతోషమే. బిరుదు వచ్చినంత మాత్రాన తూములోకి నీళ్ళు రావు గదా!

చెరువు మాట వచ్చినప్పుడల్లా అధికారులు ఆయకట్టు ఎకరాలు లెక్క చెబుతారు. ఆ లెక్కలో కూలీ కనపడడు. చెరువు నిండితే నారు పీకటం, నాట్లు, కలుపు, కోతలు, నూర్పిళ్ళు - ఆడకూలీలకు ఊళ్ళోనే పని. కూలి రేటు కోసం గట్టిగా నిలబడగలిగేదీ అప్పుడే. పని లేని ఏడాది ఎవరూ బేరమాడలేరు. పశువుకు గడ్డి, చేపలు పట్టేవాళ్ళకు బతుకు, చుట్టుపక్కల బావుల్లో ఊట కూడా ఆ నీళ్ళ చలవే.

ఎండితే? బోరున్నోడు బోరు చూసుకుంటాడు. ఏమీ లేనోడు ముసలోళ్ళను ఇంటికాడ వదిలి, మూటాముల్లె నెత్తికెత్తుకుంటాడు. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో వలస కొత్త సంగతేం కాదు.

1997 చట్టంతో సాగునీటి సంఘాలు వచ్చాయి. ఓటు ఆయకట్టులో భూమి గలవారికి. ఆ నీటి మీదే బతికే కూలీకి లేదు. కాగితం లేని కౌలురైతు గతి కూడా అంతే.

వెలిగొండకు 1996లో శంకుస్థాపన చేశారు, కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టారు. మొదటి సొరంగం తవ్వకం 2021లో, రెండోది 2024లో పూర్తయింది. కొండ తొలిచి కృష్ణ నీళ్ళు తేవడానికి అన్నేళ్ళు పడితే పట్టింది, కళ్ళెదుట వున్న చెరువులో పూడిక తీయడానికి కొండ తొలవనక్కర్లేదే!

మేము అడిగేది ఇది. వేసవిలోనే పూడిక తీయాలి, తూములు, కాలువలు బాగు చేయాలి. ఆ పని కాంట్రాక్టరు యంత్రాలకు కాక కూలీలకివ్వాలి. ఏ కాలువకు ఎప్పుడు నీళ్ళు వదిలేదీ తేల్చే సమావేశానికి కూలీల ప్రతినిధులను, ఆడవాళ్ళతో సహా, పిలవాలి. తూము తెరిచే తేదీ ముందే దండోరా వేయిస్తే, వలస పోయినోళ్ళు నాట్ల వేళకు ఊరు చేరుకుంటారు.