నాన్నలు చెప్పుకోని జబ్బు

ఆడపిల్లల కాలేజీ గోడపత్రికలో ఇదేం విషయం అని కొందరికి అనిపించొచ్చు. మగవాళ్ల ఒంటేలు దారి ఇరుకైపోవడం గురించి రాస్తున్నాను. వాళ్లు బయటికి చెప్పుకోరు. మా పెదనాన్న రోజూ మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పోయే మనిషి. దారిలో ఇబ్బందని నీళ్లు తాగడమే మానేశారు. అది కనిపెట్టింది పెద్దమ్మే.

మూత్రాశయం నుంచి బయటికొచ్చే ఈ దారిని సైన్సు పుస్తకాల్లో ‘ప్రసేకం’ అంటారు. దెబ్బ తగిలినా, ఇన్ఫెక్షన్ వచ్చినా, ఆస్పత్రిలో పెట్టిన గొట్టం ఒరుసుకున్నా లోపల పుండుపడుతుంది. అది మానిన చోట మచ్చకట్టి దారి బిగుస్తుంది. ధార సన్నబడుతుంది, ముక్కాల్సి వస్తుంది, పోసొచ్చినా ఇంకా ఉన్నట్టే ఉంటుంది. కటి ఎముక విరిగితే ఈ దారి తెగిపోవచ్చు కూడా. 2001లో మన కే.జి.ఎఫ్. గనులు మూసేదాకా బండలు మీదపడే భయం ఉండేది. ఇప్పుడు బైకు ప్రమాదాల భయం.

కడ్డీలతో వెడల్పు చేస్తారు, లేదా కెమెరాతో చూస్తూ మచ్చను కోస్తారు. చాలామందికి మళ్లీ బిగుసుకుంటుంది. అలా కాకుండా కొన్ని నెలలు దారిని తెరిచి ఉంచేదే తాత్కాలిక స్టెంట్. నికెల్, టైటానియం కలిసిన నిటినాల్‌తో చేసిన స్ప్రింగులాంటి ఒక రకం ఉంది. సుమారు 55 డిగ్రీల వేడినీళ్లు పోస్తే దాని కొస విచ్చుకుని నిలుస్తుంది. బాగా చల్లటి నీళ్లు పోస్తే మెత్తబడి, లాగితే వచ్చేస్తుంది.

‘స్టెంట్’ అన్న మాట లండన్ పళ్ల డాక్టరు చార్లెస్ స్టెంట్ ఇంటిపేరు నుంచి వచ్చింది. ఆలోచన మాత్రం పాతదే. మూత్రద్వారం ముడుచుకుపోయే ‘నిరుద్ధప్రకశ’కు, రెండువైపులా తెరిచి ఉన్న గొట్టానికి నెయ్యి రాసి పెట్టమని, మూడేసి రోజులకు ఇంకాస్త లావుది మార్చమని సుశ్రుతసంహితలో ఉంది.

స్టెంట్ అందరికీ పనికిరాదు. జరిగిపోవచ్చు, రాయి కట్టొచ్చు, ఇన్ఫెక్షన్ రావచ్చు. ఇరుకు పొడుగ్గా ఉన్నా, మళ్లీ మళ్లీ వస్తున్నా, బుగ్గలోపలి పొరతో దారిని బాగుచేసే ఆపరేషనే మేలంటారు. ఎముక విరిగి తెగిన దారికి కూడా ఆపరేషనే.

పెదనాన్నది ప్రోస్టేటు అనుకున్నాం. రంగుమందు ఎక్కించి తీసిన ఎక్స్‌రేలో ఇరుకని తేలింది. కాబట్టి ‘వయసులే’ అని ఊరుకోవద్దు. కోలారు ఎస్.ఎన్.ఆర్. జిల్లా ఆస్పత్రిలోనో, టమకలోని జాలప్ప ఆస్పత్రిలోనో ముందు చూపించండి. ఒంటికి అస్సలు రాక పొత్తికడుపు ఉబ్బితే మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు.