భవనం కంటే ముందు బృందం: యూనివర్సిటీ నిర్మాణాలపై అపోహలు – వాస్తవాలు

డబ్లిన్‌లో పియర్స్ స్ట్రీట్ మీదుగా తూర్పుకు నడిస్తే, గ్రాండ్ కెనాల్ డాక్ చేరేలోపే ట్రినిటీ కాలేజీ స్థలం ఒకటి కనిపిస్తుంది. 1999లో కొన్న ఈ దాదాపు ఐదున్నర ఎకరాల్లో, 1862లో చక్కెర శుద్ధి కోసం కట్టిన టవర్ ఇంకా నిలబడే ఉంది. ఇక్కడ పరిశోధన కేంద్రాలతో కూడిన కొత్త క్యాంపస్ కడతామని ట్రినిటీ 2018లో ప్రకటించింది. 2020 జనవరిలో ఐర్లాండ్ ప్రభుత్వం 15 కోట్ల యూరోలు ఇస్తామని మాట ఇచ్చింది. చుట్టుపక్కల ఐటీ కంపెనీల్లో తెలుగువాళ్లు చాలామందే పనిచేస్తున్నారు కాబట్టి మన వాళ్లకు ఇది బాగా తెలిసిన పేటే.

ఇలాంటి ప్రాజెక్టు గురించి మాట్లాడేటప్పుడు అందరూ నిధుల గురించే అడుగుతారు. ఆర్కిటెక్టును, ఇంజనీర్లను ఎలా ఎంచుకున్నారు, వాళ్లతో ఎలా పని చేయించారు అన్నది కూడా అంతే ముఖ్యం. డబ్బు ఉండి కూడా భవనాలు దెబ్బతినేది ఎక్కువగా అక్కడే. అక్కడే అపోహలూ ఎక్కువ.

అపోహ 1: పేరున్న ఆర్కిటెక్టును తెచ్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

వాస్తవం: ఈ స్థలం ఉన్న డాక్‌ల్యాండ్స్ ప్రాంతంలో పెద్ద పేర్లకు కొదవ లేదు. కానీ వాటిలో ఏదీ ఒక్కరి చేతి మీదుగా లేవలేదు. లిఫీ నది మీది శామ్యూల్ బెకెట్ వంతెన అనగానే శాంటియాగో కలట్రావా పేరే చెబుతారు. ఆ ఆకారాన్ని నిలబెట్టే లెక్కల్లో ఐర్లాండ్ ఇంజనీరింగ్ సంస్థ రఫన్ అండ్ ఓడోనోవన్ భాగం ఉంది. ఉక్కు భాగాన్ని రోటర్‌డామ్‌లో తయారుచేసి 2009లో సముద్రం మీదుగా తెచ్చారు. డానియల్ లీబెస్కిండ్ గీసిన గ్రాండ్ కెనాల్ స్క్వేర్ థియేటర్‌కు కూడా స్థానిక ఆర్కిటెక్టులు, ఇంజనీర్లు తోడుగా పనిచేశారు.

పేరు లేనివాళ్లను నమ్మి గెలిచిన కథ ట్రినిటీకే ఉంది. 1960లో కొత్త లైబ్రరీ కోసం అంతర్జాతీయ పోటీ పెడితే, ఇంకా ముప్పై నిండని పాల్ కొరాలెక్ గెలిచాడు. 1967లో తెరిచిన ఆ భవనం ఐర్లాండ్ ఆధునిక నిర్మాణాల్లో ముఖ్యమైనదిగా నిలిచింది.

ఎంపికకు ముందు యూనివర్సిటీ తానే అధ్యయనం చేసుకోవాలి. ఉస్మానియా ఈ పని ఎప్పుడో చేసింది. జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపింది. ఆ పర్యటనలోనే ఈజిప్టులో పనిచేస్తున్న బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్ వాళ్లకు పరిచయమయ్యాడు. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం వెనుక ఆ వెతుకులాట ఉంది.

అపోహ 2: ప్రభుత్వ సొమ్ము కాబట్టి తక్కువ ఫీజు అడిగినవాళ్లకే ఇవ్వాలి.

వాస్తవం: యూరోపియన్ యూనియన్ 2014లో చేసిన ప్రభుత్వ కొనుగోళ్ల నిబంధనలను ఐర్లాండ్ 2016లో తన చట్టంలోకి తీసుకుంది. వాటి ప్రకారం నాణ్యతకూ ధరకూ కలిపి మార్కులు వేయొచ్చు. బృందంలో ఎవరున్నారు, వాళ్ల అనుభవం ఏమిటి, పని ఎలా చేస్తారు అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. ఫీజు అసహజంగా తక్కువగా ఉంటే, అదెలా సాధ్యమో వివరణ అడిగి తీరాలి. భారత్‌లో కూడా కన్సల్టెంట్లను ఎంచుకునేటప్పుడు నాణ్యత, ఖర్చు రెండూ కలిపి చూసే పద్ధతికి నిబంధనలు ఒప్పుకుంటాయి.

ఫీజులో మిగిల్చామని మురిసిపోయే కమిటీ ఒక సంగతి మరిచిపోతుంది. డ్రాయింగు మీద గడపాల్సిన గంటలు తగ్గితే, దాని ఫలితం సైట్లో అదనపు బిల్లుల రూపంలో తేలుతుంది.

అపోహ 3: చిన్న సంస్థలకు పెద్ద క్యాంపస్ పనులు అప్పగించలేం.

వాస్తవం: అర్హత కోసం అడిగే కనీస వార్షిక టర్నోవర్, కాంట్రాక్టు విలువకు రెట్టింపు దాటకూడదని, ప్రత్యేక కారణం ఉంటే తప్ప, పైన చెప్పిన కొనుగోళ్ల నిబంధనలే చెబుతున్నాయి. చిన్న సంస్థలకు దారి మూసుకుపోకూడదనే ఈ హద్దు. 1978లో డబ్లిన్‌లో మొదలైన గ్రాఫ్టన్ ఆర్కిటెక్ట్స్ పోటీ ద్వారానే మిలాన్‌లోని బొక్కోని యూనివర్సిటీ భవనం దక్కించుకుంది. తర్వాత లీమాలో, తులూజ్‌లో, లండన్‌లో యూనివర్సిటీ భవనాలు కట్టింది. ఆ సంస్థ స్థాపకులు ఇవాన్ ఫారెల్, షెల్లీ మెక్‌నమారాలకు 2020లో ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది.

అపోహ 4: ముందు ఆర్కిటెక్టు బొమ్మ గీస్తే, తర్వాత ఇంజనీరు పిల్లర్ల లెక్క చూసుకుంటాడు.

వాస్తవం: డాక్‌ల్యాండ్స్ లాంటి చోట ఈ వరస చాలా ఖరీదైన పొరపాటు. ఇక్కడి నేలలో చాలా భాగం 18వ శతాబ్దం నుంచి నదిని, తీరాన్ని పూడ్చి చేసింది. పైన పూడిక మట్టి, దాని కింద కంకర, ఆ కింద గట్టి బంకమట్టి, అడుగున సున్నపురాయి. గ్రాండ్ కెనాల్ డాక్ పక్కన పాత గ్యాస్ ఫ్యాక్టరీ నేల విషపూరితమైపోతే, శుభ్రం చేశాకే కొత్త కట్టడాలు లేచాయి. సాయిల్ టెస్టు రాకముందే బేస్‌మెంట్ గీసేస్తే, నీళ్లను ఆపడానికి, పైల్స్ దింపడానికి అయ్యే ఖర్చు ఆ తర్వాత ఉలిక్కిపడేలా చేస్తుంది.

ల్యాబుల సంగతి ఇంకా సున్నితం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిన్న కంపనాన్ని కూడా ఓర్చుకోదు. దగ్గర్లోనే డార్ట్ రైళ్లు తిరుగుతాయి. ఆ గది ఏ అంతస్తులో, ఏ మూల ఉండాలో స్ట్రక్చరల్ ఇంజనీరు మొదటి రోజు నుంచే చెప్పాలి.

అపోహ 5: డిజైన్ పూర్తయ్యేదాకా ఆగకుండా పని మొదలుపెడితే టైము కలిసొస్తుంది.

వాస్తవం: డబ్లిన్‌లోనే తలపెట్టిన జాతీయ పిల్లల ఆసుపత్రి దీనికి చేదు ఉదాహరణ. వివరమైన డిజైన్ పూర్తికాకుండానే కాంట్రాక్టరును ఎంచుకునే రెండు దశల పద్ధతిలో వెళ్లారు. 2017లో 98.3 కోట్ల యూరోలకు ఆమోదం ఇచ్చారు. 2018 చివరికి అంచనా 140 కోట్లు దాటింది. 2024లో పరిమితిని 224 కోట్లకు పెంచారు.

యూనివర్సిటీలో దీనికి మరో రూపం ఉంటుంది. గోడలు లేచాక ఒక ప్రొఫెసరు ల్యాబు పెద్దది కావాలంటారు, ఇంకో విభాగం క్లాసురూములు మార్చమంటుంది. ఏ గదిలో ఎవరు, ఏం చేస్తారు అన్న అవసరాల పత్రం మీద ముందే సంతకాలు పడాలి. తర్వాత మార్పు అడిగే హక్కు ఒక్క కమిటీకే ఉండాలి. ఆర్కిటెక్టుకు పదిమంది పది మాటలు చెబితే, ఆ గందరగోళానికి బాధ్యత యూనివర్సిటీదే.

అపోహ 6: నిపుణులను పెట్టుకున్నాం కాబట్టి చట్టపరంగా అంతా వాళ్లే చూసుకుంటారు.

వాస్తవం: ఐర్లాండ్‌లో 2013 నాటి నిర్మాణ భద్రతా నిబంధనల ప్రకారం డిజైన్ దశకు ఒకరిని, నిర్మాణ దశకు ఒకరిని భద్రతా పర్యవేక్షకులుగా యజమాని రాతపూర్వకంగా నియమించాలి. డబ్లిన్‌లోని ప్రయరీ హాల్ అపార్ట్‌మెంట్లను అగ్నిభద్రత లోపాల వల్ల 2011లో ఖాళీ చేయించాక, 2014లో కట్టడాల నియంత్రణ నిబంధనలు బిగించారు. తనిఖీ చేసి ధ్రువీకరించే వ్యక్తిని నియమించాల్సింది కూడా యజమానే. ఆ వ్యక్తి రిజిస్టరైన ఆర్కిటెక్టో, బిల్డింగ్ సర్వేయరో, చార్టర్డ్ ఇంజనీరో అయి ఉండాలి. అక్కడ చదివి పనిలో చేరే మన సివిల్ ఇంజనీర్లు గుర్తుపెట్టుకోవాల్సిన విషయమిది. డిగ్రీ ఒక్కటే ఉంటే ఈ సంతకం పెట్టలేరు.

ఆ సంతకం విలువ తెలియాలంటే ఒక చిన్న సందు చాలు. ల్యాబు గోడలోంచి కేబుల్ ట్రే వెళ్లేచోట వేలు పట్టేంత ఖాళీ వదిలేస్తే, నిప్పు రాజుకున్నప్పుడు పొగ అందులోంచే పక్క గదికి పాకుతుంది. ఫాల్స్ సీలింగ్ బిగించాక ఆ సందు ఎవరి కంటా పడదు. అందుకే సీలింగ్ వేయకముందే నిచ్చెనెక్కి, టార్చి వేసి చూసి, ఫొటో తీసి, నంబరు వేసి భద్రపరచాలి. ఇన్నిసార్లు సైటుకు రావాలంటే దానికి తగ్గ ఫీజు మొదటే ఒప్పందంలో ఉండాలి.

అపోహ 7: తాళాలు చేతికొస్తే ప్రాజెక్టు ముగిసినట్టే.

వాస్తవం: పని ముగిశాక కూడా లోపాలు సరిదిద్దే గడువు ఉంటుంది. ఐర్లాండ్ ప్రభుత్వ కాంట్రాక్టుల్లో ఇది సాధారణంగా ఏడాది. చలికాలంలో హీటింగ్, పరీక్షల సీజన్‌లో రద్దీ, వేసవిలో గాలి ఎలా ఉన్నాయో ఆ ఏడాదిలోనే తెలుస్తుంది. డిజైన్ బృందం ఫీజులో కొంత భాగాన్ని ఈ దశకు ఉంచాలి. పనితో పాటు చేతికి రావాల్సిన సేఫ్టీ ఫైలును యూనివర్సిటీ జాగ్రత్తగా దాచాలి. ఇరవై ఏళ్ల తర్వాత ఏ గోడనైనా కొట్టాల్సి వచ్చినప్పుడు, లోపల ఏ పైపు ఎక్కడుందో ఆనాటి మెయింటెనెన్స్ ఇంజనీరు తెలుసుకునేది ఆ ఫైలులోనే.