లోహపు నురుగు – కంప్యూటరు లెక్క

బాన్సువాడ పల్లెలలో పెండ్లి చూచినవారికి బాసింగము క్రొత్త కాదు. నీటిపట్టున పెరుగు జీలుగు కాండములోని తెల్లని బెండును పలుచగా కోసి దానిని చేయుట పూర్వపు వాడుక. ఆ బెండుముక్క నొకదానిని చేత పట్టి చూడుడు. బరువే తెలియదు. వ్రేలితో నొక్కినచో పగులదు. నొక్కినంత మేర అణగి, అట్లే నిలిచిపోవును. లోపల కంటికి కనబడని చిన్న గదులు అసంఖ్యాకముగా నుండుటయే దీనికి కారణము. 1665లో రాబర్టు హుక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు బిరడా ముక్కను సూక్ష్మదర్శినితో పరీక్షించి, ఇట్టి గదులకే 'సెల్' అని పేరిడెను.

ఈ గదుల కట్టడమే లోహమున ఏర్పడినచో దానిని లోహపు నురుగు అందురు. కరగిన అల్యూమినియమునకు కొంచెము కాల్షియము చేర్చినచో ద్రవము చిక్కబడును. పిమ్మట టైటానియము హైడ్రైడు పొడి వేసి కలియబెట్టినచో, ఆ వేడికి పొడినుండి హైడ్రోజను వాయువు వెలువడి, పులిసిన పిండివలె ద్రవము పొంగును. పొంగు అణగకమునుపే చల్లార్చినచో బుడగలు బుడగలుగనే గట్టిపడును. లీటరు పరిమాణముగల అల్యూమినియపు దిమ్మ 2.7 కిలోలు తూగును. అందు పదవవంతే లోహముండు నురుగుదిమ్మ 270 గ్రాములు మాత్రమే తూగును. అది నీటిపై తేలును.

ఇది ఎందులకు పనికివచ్చును? బాన్సువాడ నుండి నిజామాబాదు పోవు బస్సొకటి దారిలో దేనినో ఢీకొన్నదనుకొందము. బండి వేగములోని శక్తి ఎక్కడనో ఒకచోట ఖర్చు కావలెను. బండి ముందుభాగము ఉక్కుదిమ్మవలె కఠినమైనచో బండి అంగుళములోనే ఆగును. ఆ అదటు లోనివారి మీద పడును. ముందుభాగమున నురుగుదిమ్మ యున్నచో కథ వేరగును. మొదట గదుల గోడలు కొద్దిగా వంగి ఒత్తిడిని ఓర్చుకొనును. పిదప ఒక వరుస గదులు నలుగును, దాని ప్రక్క వరుస నలుగును. దిమ్మ సగముకంటె ఎక్కువ అణగువరకు బలము ఇంచుమించు ఒకే తీరున నుండును. చివరకు గోడలు ఒకదానికొకటి తగిలి, దిమ్మ మరల గట్టి లోహమువలె బిగిసికొనును. మధ్యదశయే మనుష్యులను కాపాడును. ఆ దశ ముగియకముందే బండి ఆగవలెను. కావున దిమ్మ ఎంత మందము, ఎంత సాంద్రత ఉండవలెనో ముందే తెలియవలెను.

ప్రతి కొలతకును ఒక దిమ్మ చేసి నలుగగొట్టి చూచుట మిక్కిలి వ్యయము. అందుచే లెక్క అవసరమైనది. 1988లో లోర్నా గిబ్సన్, మైకేల్ యాష్బీ అనువారు తమ గ్రంథమున సులభమైన సూత్రము చూపిరి. గది నాలుగువైపుల కమ్ములుగల పంజరమనుకొనుడు. నొక్కినపుడు కమ్ములు కురుచగావు, వంగును. అందుచే సాంద్రత పదవవంతైనచో బిగువు నూరవవంతగును. ఇది నష్టమని తోచవచ్చును. కాని అదే బరువుతో పదిరెట్లు మందమైన పలక చేయవచ్చును గదా! పలక వంగకుండు గుణము మందముయొక్క ఘనము ననుసరించి వేయిరెట్లు పెరుగును. నూరవవంతును వేయిరెట్లు చేయగా మిగులునది పదిరెట్లు. తేలికదనములోని లాభము ఇదియే.

కాని నిజమైన బుడగలు పంజరములవలె ఉండవు. ఇక్కడ కంప్యూటరు సాయము కావలెను. వస్తువును లక్షల చిన్నముక్కలుగ విభజించి, ఒక్కొక్క ముక్క ఎంత నొక్కిన ఎంత జరుగునో సమీకరణము వ్రాసి, ఇరుగుపొరుగు ముక్కలు విడిపోరాదను నియమముతో అన్నిటిని కలిపి సాధించుటను ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అందురు. 1960లో రే క్లఫ్ దీనికి ఆ పేరు పెట్టెను. ఈ విద్యను విద్యార్థులకు సుబోధము చేసినవారిలో తెలుగువారు జె.ఎన్. రెడ్డిగారు ప్రముఖులు. 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు పట్టము పొంది అమెరికా వెళ్లిన ఆయన, 1984లో ప్రకటించిన పాఠ్యగ్రంథము దేశదేశముల చదువబడుచున్నది.

గదులకు ఏ ఆకారము నీయవలెను? 1887లో కెల్విన్ ప్రభువు సూచించిన పదునాలుగు ముఖముల ఆకృతిని వరుసగా పేర్చి లెక్కించుట ఒక మార్గము. కాని అట్టి ముచ్చటైన గదులు చెప్పు బలము, కొలతలో దొరకు బలముకంటె తరచుగా ఎక్కువ. నిజమైన నురుగులో గోడలు వంకరలు, ముడుతలు పడియుండును. కొన్ని గదులు పెద్దవి, కొన్ని చిన్నవి. లోహము ఒకచోట దట్టముగను, మరొకచోట పలుచగను ఉండును. ఎక్కడ బలహీనమో అక్కడ నలుగుట మొదలగును. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సునుండి ఉపద్రష్ట రామమూర్తిగారు సహపరిశోధకునితో కలిసి 2004లో వెలువరించిన వ్యాసము, ముక్కముక్కకు బలము మారుటనే విషయముగ గ్రహించినది.

అందుచే నేటి పరిశోధకులు నురుగుముక్కను, వైద్యులు రోగిని చూచినట్లు, ఎక్స్‌రే టోమోగ్రఫీతో పొరపొరగా చిత్రించి, ఉన్న వంకరలతోనే కంప్యూటరున కెక్కింతురు. అడ్డముగ కనీసము ఆరేడు గదులైనను లేని ముక్కను తీసికొనరాదు. అంచుల తెగిన గోడలు తప్పు జవాబిచ్చును. నలుగుచుండగా ఏ గోడ ఏ గోడను తాకెనో యంత్రము క్షణక్షణము వెదకవలెను. గణనమున మిక్కిలి కాలము దీనికే పట్టును. పిదప అదే ముక్కను ప్రెస్సులో నొక్కి, రెండు ఫలితములను ప్రక్కప్రక్కన పెట్టి చూతురు.

బెండు ఏరువాడు ప్రతి పుల్లను వ్రేళ్లతో తడిమి, లోపల గుల్లయైన దానిని పారవేయును. కంప్యూటరు చేయవలసిన పనియు నదియే. సగటు దిమ్మ ఎంత ఓర్చునో చెప్పిన చాలదు. మిక్కిలి బలహీనమైన దిమ్మ ఎంత ఓర్చునో చెప్పవలెను. ఢీకొన్న దినమున బస్సులోని వారికి ఏ దిమ్మ అడ్డుపడునో ముందుగా తెలియదు గదా!