చిన్న రైలుకు చెక్క స్టేషన్



తాళం తిప్పితే గుండ్రంగా తిరిగే బొమ్మ రైలు మనకందరికీ తెలిసినదే. ఐరోపా, అమెరికా దేశాల్లో పెద్దవాళ్లు ఎంతో దీక్షగా చేపట్టే రైలు పని మరొకటి ఉంది. అది ఆటబొమ్మ కాదు, నమూనా. అందులో ఇంజనూ, పెట్టెలూ, పట్టాలూ, స్టేషనూ అన్నీ అసలు వాటిని ఒకే నిష్పత్తిలో తగ్గించి చేసినవే. ఆ పట్టాల పక్కన నిలబడే భవనాలను లేజర్‌తో కోసిన చెక్క ముక్కలతో ఎలా కూరుస్తారో, వాటికి రంగు ఎలా వేస్తారో, ఆ పనితో మనకేమి ప్రయోజనమో ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం.

ముందుగా నిష్పత్తి సంగతి. ప్రపంచంలో ఎక్కువ వాడుకలో ఉన్న కొలతను హెచ్.ఓ. అంటారు. అంటే అసలు వస్తువులో 87వ వంతు. ఈ లెక్కన ఒక అడుగు మూడున్నర మిల్లీమీటర్లవుతుంది. ఏడడుగుల తలుపు 24న్నర మిల్లీమీటర్లు. అరవై అడుగుల స్టేషన్ భవనం 21 సెంటీమీటర్లు, జానెడు కంటే కాస్త తక్కువ. పట్టాల మధ్య దూరానికీ ఇదే లెక్క. 762 మిల్లీమీటర్ల, అంటే రెండున్నర అడుగుల నారో గేజి, ఈ నిష్పత్తిలో సుమారు 9 మిల్లీమీటర్లకు వస్తుంది. నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లిన మన చిన్న రైలు గేజి ఇదే. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

పూర్వం ఇలాంటి భవనాల కిట్ కొంటే, పెట్టెలో కొన్ని చెక్క బద్దలు, పలుచని పలకలు, ఒక పటం ఉండేవి. పటం చూసి, కొలిచి, కత్తితో కోసుకోవలసిన బాధ్యత కొన్నవాడిదే. ఒక కిటికీ వెంట్రుకవాసి పక్కకు పోతే గోడ మళ్లీ మొదలుపెట్టాల్సిందే. లేజర్ వచ్చాక ఆ శ్రమ తప్పింది. చెక్కను కోయడానికి ఎక్కువగా వాడేది కార్బన్ డయాక్సైడ్ లేజర్. దీన్ని 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కనుగొన్నది సి. కుమార్ పటేల్. ఆయన పుట్టింది మహారాష్ట్రలోని బారామతిలో, ఇంజనీరింగ్ చదివింది పుణేలో. ఈ లేజర్ కిరణం కంటికి కనిపించదు. కానీ చెక్క దాన్ని బాగా పీల్చుకుంటుంది. కటకంతో ఆ కిరణాన్ని సూదిమొనంత చోటికి చేరిస్తే, అక్కడి చెక్క కాలి ఆవిరైపోతుంది. కంప్యూటర్‌లో గీసిన గీత వెంబడి కిరణం నడుస్తుంది. దాని వేడి తగ్గిస్తే తెగకుండా గాడి మాత్రమే పడుతుంది. గోడ మీద పలకల వరుసలు, ఇటుకల అతుకులు అలా పడినవే.

ఇంతవరకు యంత్రం చేసే పని. ఇక చేతికి మిగిలే పని ఏమిటి? లేజర్ కొలతను కాపాడుతుంది గాని, చెక్క స్వభావాన్ని మార్చలేదు. ఎంత పలుచగా కోసినా చెక్క చెక్కే. అది నీళ్లు తాగుతుంది, ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల గోడకు ఒక వైపే రంగు పూస్తే ఆ వైపు నారలు ఉబ్బి, గోడ అప్పడంలా వంగిపోతుంది. అందుకని మూడు జాగ్రత్తలు చెబుతారు. మొదటిది, గోడ లోపలి వైపు సన్నని బద్దలు అంటించి బలం ఇవ్వడం. రెండవది, ముందు వైపుతో పాటు వెనుక వైపు కూడా రంగు వేయడం. మూడవది, ఒకేసారి దట్టంగా పూయకుండా పలుచని పూతలుగా వేసి, ప్రతి పూతకూ పూర్తిగా ఆరనివ్వడం.

రంగుకు ముందు ప్రైమర్ వేసి, అది ఆరాక సన్నని ఉప్పుకాగితంతో తేలికగా రుద్దాలి. కారణం నిష్పత్తిలోనే ఉంది. చెక్క మీద ఒక మిల్లీమీటరు వెడల్పు గీత మనకు లెక్కలోనికి రాదు. కాని ఆ చిన్న భవనంలో అది దాదాపు తొమ్మిది సెంటీమీటర్ల పగులు! ముక్కల అంచులకు లేజర్ వేడికి మసి పడుతుంది. ఆ మసి మీద జిగురు సరిగా పట్టదు, రంగు వేశాక మూలల్లో నల్ల గీతలు తేలతాయి. కాబట్టి అంచులను కూడా రుద్ది శుభ్రం చేయాలి.

తలుపులు, కిటికీలు పలక నుంచి విడదీయకముందే రంగు వేసుకోవడం మేలు. లేజర్ వాటిని పూర్తిగా కోయదు, సన్నని ముడులతో పట్టి ఉంచుతుంది. ఆ ముడులను కత్తితో తెంపాలే గాని చేత్తో లాగకూడదు. చెక్కకు చెక్కను అంటించడానికి మన వడ్రంగులు వాడే తెల్ల జిగురు చాలు. తక్షణం అంటుకునే జిగురు కిటికీ అద్దాల దగ్గర వాడితే, దాని ఆవిరికి ప్లాస్టిక్ అద్దం తెల్లబారిపోతుంది. గోడలు నిలబెట్టేటప్పుడు రెండేసి గోడలను మూలమట్టానికి ఆనించి జతచేసి, ఆ రెండు జతలనూ తర్వాత కలపాలి. మూల కాస్త తప్పితే ఆ తప్పు కప్పు దగ్గర బయటపడుతుంది.

చివరిది, భవనానికి వయసు తేవడం. నాలుగు చుక్కల నల్ల సిరాను స్పిరిట్‌లో కలిపి పలుచగా పూస్తే కొత్త చెక్కకు పాతదనం వస్తుంది. నీటికంటే స్పిరిట్ త్వరగా ఆరుతుంది కనుక వంపు తక్కువ. అయితే దీపాలకూ పొయ్యికీ దూరంగా, కిటికీలు తెరిచి ఈ పని చేయాలి. ఎక్కడ పూయాలో మాత్రం ఏ పుస్తకమూ చెప్పదు. చూరు నుంచి వాన కారే చోట చారలు, గోడ అడుగున మట్టి చిందిన మరకలు, అందరి చేతులూ తగిలి నునుపెక్కిన టిక్కెట్ల కిటికీ అంచు - ఇవన్నీ అసలు స్టేషన్ దగ్గర నిలబడి చూసినవాడికే తెలుస్తాయి.

ఇప్పుడు మన చిన్న రైలు సంగతి. పర్లాకిమిడి రాజావారి పూనికతో 1900లో నౌపడా, పర్లాకిమిడి మధ్య ఆ రైలు మొదలైంది. 1931 నాటికి గుణుపురం చేరింది. తెలుగు, ఒడియా మాటలు ఒకే పెట్టెలో వినిపించిన రైలు అది. 2004లో గేజి మార్పిడి కోసం నారో గేజి ఆగిపోయింది. 2010లో పర్లాకిమిడికి, 2011లో గుణుపురానికి పెద్ద రైలు వచ్చింది. పెద్ద రైలు రావలసిందే, దానివల్ల మేలే జరిగింది. కాని గేజి మారిన చోట పాత స్టేషన్లకు పని తగ్గుతుంది. పని లేని భవనం ఎన్నాళ్లో నిలవదు. అంగట్లో దొరికే కిట్లు ఎక్కువగా అమెరికా, ఐరోపా భవనాలవి. మన చిన్న స్టేషన్ కావాలంటే మనమే కొలవాలి.

ఇది కష్టమైన పనేమీ కాదు. మీ ఊళ్లో అలాంటి పాత భవనం ఉంటే, అధికారుల అనుమతి తీసుకొని, ఒక టేపు పట్టుకొని వెళ్లండి. చేతికందే ఎత్తులో పది ఇటుక వరుసలను కొలవండి. దాన్నిబట్టి ఒక్క వరుస ఎంతో తెలుస్తుంది. తర్వాత చూరు దాకా వరుసలు లెక్కపెడితే, నిచ్చెన లేకుండానే ఎత్తు వస్తుంది. ప్రతి గోడకూ ఎదురుగా నిలబడి ఫొటో తీయండి. అన్నీ గళ్ల కాగితం మీద, అడుగుకు మూడున్నర మిల్లీమీటర్ల చొప్పున గీయండి. ముందు అట్టతో చేసి చూడండి. నగరాల్లో పేరు పలకలు, పెళ్లి కార్డులు లేజర్‌తో కోసే దుకాణాలున్నాయి. సరిచూసిన పటం కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే పలుచని ప్లైవుడ్ మీద వారే కోసి ఇస్తారు.

ఊరి పేరు పలకను మాత్రం మరువవద్దు. అసలు పలక మీద ఎన్ని లిపులుంటే నమూనా మీద అన్నీ ఉండాలి. అడుగెత్తు అక్షరం అక్కడ మూడున్నర మిల్లీమీటర్లే. అయినా లేజర్ గాడితో చదవగలిగేటట్టు చెక్కవచ్చు. మన అక్షరం తలకట్టు కూడా పోదు.

బడిలో నిష్పత్తి పాఠం బోర్డు మీద చెబితే కొందరికే ఎక్కుతుంది. తమ ఊరి స్టేషన్‌ను 87తో భాగించమంటే పిల్లలు తామే టేపు పట్టుకుంటారు. ఆ కొలిచిన కాగితం పదిలంగా ఉంటే, రేపు భవనం లేకపోయినా దాన్ని మళ్లీ నిలబెట్టుకోవచ్చు. భవనం పోయాక మాత్రం కొలవడం ఎవరి తరమూ కాదు.