పాత పుస్తకాల బజారు

పిల్లలూ! ఆదివారంనాడు హైదరాబాదులో ఆబిడ్సుకు వెళ్ళి చూడండి. మూసి ఉన్న దుకాణాల ముందు, కాలిబాట మీద, పాత పుస్తకాలు పరచి ఉంటాయి. కొనేది ఒకటే అయినా పదింటిని తిరగవెయ్యవచ్చు. అట్ట మీది బొమ్మను నమ్మకండి. నడుమ ఒక పేజీ చదవండి. పేజీల అంకెలు వరసగా ఉన్నవో లేవో కూడా చూసుకోవాలి. అపరాధ పరిశోధన నవలకు ఆఖరి కాగితం లేకపోతే, దొంగ ఎవరో అమ్మే ఆయన కూడా చెప్పలేడు!

నచ్చినదాన్ని వచ్చే వారానికి వాయిదా వెయ్యకండి. అక్కడ చాలా పుస్తకాలకు ఉండేది ఒకే ప్రతి.

నలుగురు స్నేహితులు తలా ఒకటి కొని మార్చుకుంటే, ఒక్కొక్కరికీ నాలుగు పుస్తకాలు చదవటానికి దొరుకుతాయి. అయితే, "చాలా బాగుంది" అన్నంతమాత్రాన ఎవరికీ చదవబుద్ధి కాదు. కథ ఎక్కడికి వచ్చేసరికి మీరు అన్నం మాట మరిచిపోయారో, అంతవరకే చెప్పండి. "తరవాత?" అని అడిగితే పుస్తకం చేతికివ్వండి.